కరుణ అంటే కలిసి కుంగిపోవడం కాదు: ఇంట్లో ఉండి మైత్రీ ధ్యానం నేర్చుకునే దారి

నాన్నకు పక్షవాతం వచ్చి మంచాన పడిన మొదటి ఏడాది నేను చాలా ఏడ్చాను. ఆయన కుడిచెయ్యి కదల్చలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంటే నాకూ ఆగేవి కావు. రాత్రి ఆయన మూలుగు వినబడితే కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుండేది. అంత ప్రేమ ఉన్నదాన్నే, తెల్లారి ఆయన మాత్ర ఉమ్మేస్తే గట్టిగా అరిచేదాన్ని. సాయంత్రానికి ఆ గదిలోకి వెళ్ళాలంటేనే కాళ్ళు వచ్చేవి కావు. నాలో జాలి ఇంకిపోయిందేమో అని భయపడ్డాను. జాలి ఉంది. అందులోనే నేను మునిగిపోతున్నాను.

ఈ సంగతి బౌద్ధంలో పదిహేను వందల ఏళ్ళ క్రితమే తేల్చి చెప్పారని తర్వాత తెలిసింది. 5వ శతాబ్దంలో శ్రీలంకలోని అనురాధపురం మహావిహారంలో బుద్ధఘోషుడు రాసిన ‘విశుద్ధిమార్గం’లో తొమ్మిదో అధ్యాయమంతా మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అనే నాలుగు బ్రహ్మవిహారాల గురించే. ఒక్కోదానికీ ఇద్దరు శత్రువులు ఉంటారంటాడు ఆయన. దూరపు శత్రువు ఎక్కడో కొండల్లో ఉండేవాడి లాంటివాడు. వాణ్ణి చూడగానే గుర్తుపడతాం. దగ్గరి శత్రువు మన చుట్టూనే తిరుగుతూ మనవాడిలాగే కనిపిస్తాడు. కరుణకు దూరపు శత్రువు క్రూరత్వం. దగ్గరి శత్రువు శోకం. ఎదుటివాళ్ళ బాధ చూసి మనం కుంగిపోవడం కరుణలాగే కనిపిస్తుంది. లోపల మాత్రం కరుణను తినేసేది అదే.

మన కాలంలో శాస్త్రజ్ఞులు కూడా దీన్ని వేరే దారిలో చూశారు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన తానియా సింగర్ బృందం, బాధలో ఉన్న మనుషుల వీడియోలు చూపిస్తూ కొందరికి ముందు సహానుభూతిలో, అంటే ఎదుటివాళ్ళ బాధను తామూ పడటంలో, తర్వాత కరుణలో, అంటే వాళ్ళ మేలు కోరడంలో శిక్షణ ఇచ్చింది. సహానుభూతి శిక్షణ తర్వాత వాళ్ళలో దుఃఖం, చికాకు పెరిగాయి. అదే మనుషులకు కరుణ శిక్షణ ఇచ్చాక అవి తగ్గాయి, మంచి భావాలు పెరిగాయి, మెదడులో పనిచేసే చోట్లు కూడా మారాయి. 2014లో అచ్చయిన ఈ ఫలితాలు చదివినప్పుడు నాకు నాన్న గదే గుర్తొచ్చింది. ఇతరుల బాధ మనకు తాకడం అవసరమే. తాకినదాన్ని ఏం చెయ్యాలో తెలియకపోతే అది మనల్ని కాలుస్తుంది. ఏం చెయ్యాలన్నది నేర్చుకోవచ్చు, వంట నేర్చుకున్నట్టు, ఈత నేర్చుకున్నట్టు.

నేను అనుసరించిన వరుస ‘విశుద్ధిమార్గం’లోదే. ఉద్యోగం, వంట, పిల్లలు, ముసలివాళ్ళు ఉన్న ఇంటికి తగ్గట్టు కొంచెం సర్దుకున్నాను.

కూర్చునే ముందు

రోజుకు ఇరవై నిమిషాలు చాలు. తెల్లవారుజామున ఇల్లు లేవకముందు దొరికితే మంచిది. నాకు ఎన్నడూ దొరకలేదు, మధ్యాహ్నం నాన్న నిద్రపోయాక కూర్చునేదాన్ని. కింద కూర్చోలేకపోతే కుర్చీలో కూర్చోండి, పాదాలు నేలకు ఆనాలి, నడుము నిటారుగా ఉండాలి, భుజాలు బిగపట్టకూడదు. ఫోన్ పక్కగదిలో పెట్టండి. కడుపు నిండా తిన్న వెంటనే కూర్చుంటే కునుకు తప్పదు.

మొదటి ఐదు నిమిషాలు ఊపిరిని గమనించండి. ముక్కు దగ్గర గాలి లోపలికి వెళ్తోంది, బయటికి వస్తోంది, అంతే. ఊపిరిని మార్చకండి, లెక్కపెట్టకండి. మనసు కరెంటు బిల్లు మీదికి పోతే పోయిందని తెలుసుకుని వెనక్కి రండి. వంద సార్లు పోతే వంద సార్లు వెనక్కి రావాలి. మనసు కుదురుకోకుండా మంచి మాటలు అనుకుంటే అవి పైపైన జారిపోతాయి.

తర్వాత ఒక్క నిమిషం, కోపం మీకు ఇంతవరకు ఏం చేసిందో తలచుకోండి. మైత్రి మొదలుపెట్టే ముందు ద్వేషంలో నష్టం, ఓర్పులో లాభం చూసుకోమంటాడు బుద్ధఘోషుడు. నేను ఈ మెట్టు చాలా రోజులు వదిలేశాను, అది పొరపాటు. నిన్న అరిచిన అరుపు తర్వాత గొంతు ఎలా మండిందో, అన్నం ఎలా సయించలేదో ఒళ్ళు గుర్తుపెట్టుకుంటుంది. అది గుర్తు చేసుకుంటే మనసు తనంతట తానే మెత్తబడుతుంది.

మొదటి మెట్టు: మీరు

మైత్రి అంటే ఒక మనిషి బాగుండాలని నిండుగా కోరుకోవడం. ఆ కోరికకు ఎంత బలముందో మన రాతి మీదే చూడవచ్చు. రాజగృహం వీధుల్లో, బుద్ధుడి మీద పగబట్టిన దేవదత్తుడు ఆయన మీదికి వదిలించిన నాలాగిరి అనే మదపుటేనుగు కథ అమరావతి స్తూపం మీద చెక్కారు. ఆ గుండ్రటి శిల్పం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. ఒకే ఫలకంలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒక వైపు మనుషుల్ని చిందరవందర చేస్తూ పరుగు, ఇంకోవైపు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లడం. పాళీ భాషలోని పాత బౌద్ధ గ్రంథాల్లో ఈ రెంటికీ మధ్య జరిగింది ఒక్కటే, బుద్ధుడు ఏనుగును మైత్రితో నింపాడు. మనకు అంత శక్తి ఎక్కడిది అనిపిస్తుంది, నిజమే. మనం ఏనుగుతో మొదలుపెట్టం. మనతోనే మొదలుపెడతాం.

పాళీలో వాక్యం ఇది: ‘అహం సుఖితో హోమి, నిద్దుక్ఖో హోమి.’ నేను సుఖంగా ఉండాలి, నాకు దుఃఖం లేకుండా ఉండాలి. దీనికి తోడుగా ‘అవేరో, అబ్యాపజ్జో, అనీఘో’ అని కూడా ఉంది, పగ లేకుండా, కీడు తలపు లేకుండా, కలత లేకుండా అని. మీ నోటికి వచ్చే తెలుగులో అనుకోండి. నేను ఇలా అనుకునేదాన్ని: ‘నేను చల్లగా ఉండాలి. నాలో పగ ఉండకూడదు. నా మనసు కలత పడకూడదు. ఈ రోజు నన్ను నేను సుఖంగా నడిపించుకోవాలి.’ ‘చల్లగా ఉండు’ అని మన అమ్మమ్మలు నెత్తిన చెయ్యి పెట్టి అన్నమాటే ఇది. అదే చెయ్యి ఇప్పుడు మీ తల మీద ఉన్నట్టు ఊహించుకోండి. ఒక్కో వాక్యం ఒక్కో ఊపిరికి, తొందర లేకుండా.

మన ఆడవాళ్ళలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ‘నేను సుఖంగా ఉండాలి’ అనుకోవడానికి సిగ్గు, తప్పుచేస్తున్న భావం. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినడం అలవాటైన మనసు ఈ వాక్యాన్ని పలకనివ్వదు. బుద్ధఘోషుడు దీనికి చెప్పిన కారణం నాకు సాయపడింది. మిమ్మల్ని సాక్షిగా పెట్టుకోండి అంటాడు. నేను సుఖం కోరుకుంటున్నట్టే, బాధకు భయపడుతున్నట్టే మిగతావాళ్ళూ ఉంటారు, అది తెలియాలంటే ముందు నాలో చూడాలి. అప్పటికీ గొంతుకు అడ్డం పడితే, చిన్నప్పుడు మీకు జ్వరం వచ్చిన ఒక రోజు తలచుకోండి. ఆ పిల్ల బాగుండాలని కోరుకోవడం ఎవరికైనా సులువే.

ఈ ఒక్క మెట్టు మీద రెండు వారాలు ఉండండి. ఏమీ అనిపించకపోయినా పర్వాలేదు. విత్తనం వేశాక రోజూ తవ్వి చూడం కదా.

రెండో మెట్టు: మీకు మేలు చేసిన మనిషి

ఇది తేలికైన మెట్టు, వారం పది రోజులు చాలు. గౌరవించదగ్గ ఒక పెద్దను ఎంచుకోండి, అక్షరాలు దిద్దించిన టీచరో, కష్టకాలంలో మాట సాయం చేసిన పొరుగింటి పెద్దమ్మో. ఆవిడ ముఖం, ఆవిడ చేసిన ఒక్క పని కళ్ళముందు తెచ్చుకుని అవే వాక్యాలు ఆవిడ కోసం అనుకోండి. గుండెల్లో ఒక వెచ్చదనం వస్తుంది. దాన్ని గుర్తుపట్టి ఉంచుకోండి, తర్వాతి మెట్లలోకి దాన్నే తీసుకువెళ్ళాలి.

మనిషిని ఎంచుకోవడంలో రెండు జాగ్రత్తలు పాత గ్రంథంలోనే ఉన్నాయి. భర్తతోనో భార్యతోనో మొదలుపెట్టకండి, వ్యామోహం మైత్రి వేషం వేసుకుని వస్తుంది. మైత్రికి దగ్గరి శత్రువు అదే. భార్యను తలచుకుని మైత్రి మొదలుపెట్టిన ఒకాయన మోహంతో ఆవిడ గదిలోకి వెళ్ళబోయి రాత్రంతా గోడతో యుద్ధం చేశాడని ఒక చిన్న కథ ఉంది. చనిపోయినవాళ్ళతో కూడా వద్దంటాడు బుద్ధఘోషుడు. దాని గురించి చివర్లో చెబుతాను.

మూడో మెట్టు: పేరు తెలియని మనిషి

నన్ను నిజంగా మార్చిన మెట్టు ఇదే, అందుకే దీని మీద ఎక్కువ రోజులు ఉండమంటాను. కనీసం మూడు వారాలు.

ఇష్టమూ అయిష్టమూ లేని మనిషిని తీసుకోవాలి. రోజూ కనిపిస్తారు, మన కంటికి మాత్రం ఆనరు. పాల ప్యాకెట్లు వేసే కుర్రాడు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, బస్సులో టికెట్ కొట్టే కండక్టర్. నేను మందుల షాపులో బిల్లు వేసే అమ్మాయిని తీసుకున్నాను. రెండేళ్ళుగా వారానికి ఒకసారి ఆ అమ్మాయి చేతి నుంచి నాన్న మందులు తీసుకుంటున్నాను. కళ్ళు మూసుకుంటే ముఖం గుర్తు రాలేదు. చేతులు, చిల్లర మాత్రం గుర్తున్నాయి. మొదటి వారం ఆ చేతులకే మైత్రి పంపాను.

తర్వాత షాపుకు వెళ్ళినప్పుడు మొదటిసారి ఆ అమ్మాయిని చూశాను. కౌంటర్ వెనక కూర్చోవడానికి ఏమీ లేదు. పొద్దున తొమ్మిదింటి నుంచి నిలబడే ఉంటుంది. మడమలు మార్చి మార్చి ఆనించుకుంటోంది. ఆ మందులు పట్టుకుని వెళ్ళేవాళ్ళందరికీ తొందరే, నాకూ తొందరే, అంతకుముందు ఒకసారి చిల్లర ఆలస్యమైందని విసుక్కున్నాను కూడా. సహానుభూతి అంటే పెద్ద పెద్ద భావాలు అనుకునేదాన్ని. నా అనుభవంలో అది ముందు కంటికి వస్తుంది, తర్వాతే గుండెకు. అక్కడ స్టూల్ లేదన్న సంగతి కనిపించడమే సహానుభూతి.

ఈ మెట్టులో ధ్యానంతో పాటు రోజుకు ఒక్క పని చెయ్యండి. మీరు ఎంచుకున్న మనిషి గురించి ఇదివరకు తెలియని ఒక విషయం గమనించండి. అడగక్కర్లేదు, ఆరా తియ్యక్కర్లేదు. చూస్తే చాలు.

నాలుగో మెట్టు: గిట్టని మనిషి

తొందరపడకండి. జీవితంలో మీకు అన్నిటికంటే ఎక్కువ అన్యాయం చేసిన మనిషితో మొదలుపెడితే పాత గాయం రేగుతుంది తప్ప మైత్రి రాదు. చిన్న చికాకు పెట్టే మనిషి చాలు. ఆఫీసులో మాట తుంచేసేవాళ్ళు, ఫంక్షన్లో మన పిల్లల మార్కులు అడిగేవాళ్ళు.

ముందు మీ మీద, తర్వాత ఇష్టుల మీద, తర్వాత పేరు తెలియని మనిషి మీద మైత్రి నింపుకుని, ఆ వెచ్చదనం ఉండగానే ఈ మనిషిని తీసుకురండి. కోపం లేస్తే వెనక్కి వెళ్ళి మళ్ళీ నింపుకోండి. అప్పటికీ తగ్గకపోతే పాత ఉపాయాలు చాలా ఉన్నాయి. నాకు పనిచేసినవి చెబుతాను.

ఒకటి, నిప్పుకణిక. ఎదుటివాణ్ణి కొట్టాలని మండే కణిక చేత్తో తీసుకుంటే ముందు కాలేది మన చెయ్యే. రెండోది కాస్త విచిత్రంగా ఉంటుంది. ‘నీ కోపం దేని మీద? ఆయన జుట్టు మీదా? గోళ్ళ మీదా? పళ్ళ మీదా?’ అని విడదీసి అడగాలి. అలా విడదీస్తూ పోతే కోపం నిలబడటానికి చోటు దొరకదంటాడు బుద్ధఘోషుడు. నిజంగానే దొరకదు, ప్రయత్నించి చూడండి.

నాకు అన్నిటికంటే దగ్గరైనది బుద్ధుడి ముఖ్య శిష్యుడు సారిపుత్రుడు చెప్పిన పోలిక. మాట, నడత బాగోలేకపోయినా అప్పుడప్పుడు మంచితనం మెరిసే మనిషి ఆవు గిట్ట గుంటలో నిలిచిన నీళ్ళలాంటివాడు. ఎండలో దాహంతో వచ్చిన బాటసారి ఆ నీళ్ళను చేత్తో ముంచబోతే కెలికి బురద చేస్తాడు. అందుకే మోకాళ్ళ మీద, అరచేతుల మీద వంగి, నోరు ఆనించి తాగుతాడు. మంచితనం బొత్తిగా కనబడని మనిషి సంగతేమిటి? ఆయనను, ముందు ఊరూ వెనక ఊరూ దూరమైన చోట దారి పక్కన జబ్బుతో పడి ఉన్న బాటసారిలా చూడమన్నాడు.

నాన్న సాయంతో చదువుకుని స్థిరపడిన బంధువు ఒకాయన ఉన్నాడు. నాన్న మంచాన పడిన మూడేళ్ళలో ఒక్కసారీ చూడటానికి రాలేదు. ఆయన పేరు వింటేనే నా దవడలు బిగుసుకునేవి. గిట్ట గుంట పోలిక పట్టుకుని వెతికాను. మా ఊరి జాతరలో నన్ను భుజాల మీద ఎక్కించుకుని ప్రభలు చూపించింది ఆయనే. అంతే, ఇంకేమీ దొరకలేదు. ఆ నాలుగు చుక్కల కోసం వంగడానికి నాకు నెలకు పైగా పట్టింది. చివరి ఉపాయం దానం అని పుస్తకంలో ఉంటే, ఆ వేసవిలో ఆయనకు ఒక ఆవకాయ జాడీ పంపాను. ఆయన ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత కూడా నాన్నను చూడటానికి రాలేదు. నా దవడలు మాత్రం వదులయ్యాయి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మిమ్మల్ని కొట్టేవాళ్ళు, భయపెట్టేవాళ్ళు, మీ మీద చెయ్యి వేసేవాళ్ళు ఉంటే, వాళ్ళ దగ్గరికి తిరిగి వెళ్ళమని మైత్రి చెప్పదు. దూరంగా, సురక్షితంగా ఉండి, కుదిరితే అక్కడి నుంచి వాళ్ళ మేలు కోరుకోవచ్చు. కుదరకపోతే ఈ మెట్టు వదిలెయ్యండి. మొదటి వాక్యంలోని ‘నేను’ కూడా ఒక ప్రాణే.

ఐదో మెట్టు: కరుణ

మైత్రి బాగా నానాక కరుణ. ఈ వరుస తప్పితే నా మొదటి ఏడాదే అవుతుంది. వెచ్చదనం లేకుండా ఎదుటివాళ్ళ బాధను చూస్తే మిగిలేది బాధే.

కష్టంలో ఉన్న ఒక మనిషిని తలచుకుని గ్రంథంలో ఉన్న మాటను అనుకోవాలి: ఈ మనిషి ఎంత కష్టంలో పడ్డాడు, ఈ దుఃఖం నుంచి బయటపడితే ఎంత బాగుంటుంది. ఇందులో రెండు భాగాలున్నాయి చూడండి. మొదటిది బాధను చూడటం. రెండోది బయటపడాలని కోరుకోవడం. శోకంలో మొదటి భాగం ఒక్కటే ఉంటుంది, అది అక్కడే గిరగిర తిరుగుతుంది. నేను ఊపిరి పీల్చేటప్పుడు ‘నాన్నకు కష్టంగా ఉంది’ అని, వదిలేటప్పుడు ‘ఈ కష్టం తగ్గాలి’ అని అనుకునేదాన్ని. వదిలే ఊపిరిని కొంచెం పొడుగు చేసుకునేదాన్ని. బాధ ఛాతీలో బరువుగా అనిపిస్తే తోసెయ్యకుండా, అక్కడుందని తెలుసుకుని, రెండో వాక్యానికి వెళ్ళిపోయేదాన్ని. మునుగుతున్నారా లేదా అన్నదానికి ఒక గుర్తు ఉంది. ‘అయ్యో నేను చూడలేకపోతున్నాను’ అని మీ గురించి మొదలైతే శోకం వచ్చేసింది. కళ్ళు తెరవండి, పాదాలు నేలకు ఆనించండి, మొదటి మెట్టుకు వెళ్ళి మీకు మైత్రి ఇచ్చుకోండి.

తర్వాత చేతులకు పని చెప్పండి. విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్న ఒక భిక్షువును తోటి భిక్షువులెవరూ పట్టించుకోకపోతే, బుద్ధుడు తన వెంట ఉండే శిష్యుడు ఆనందుణ్ణి నీళ్ళు తెమ్మని, తానే పోసి కడిగించి, ఇద్దరూ కలిసి ఎత్తి మంచం మీద పడుకోబెట్టారని భిక్షువుల నియమాల గ్రంథమైన వినయ పిటకంలో ఉంది. ఆ తర్వాత భిక్షువులందరినీ పిలిచి, నాకు సేవ చెయ్యాలనుకునేవాళ్ళు రోగికి సేవ చెయ్యండి అన్నాడు. నాన్న దుప్పట్లు మార్చేటప్పుడు ఈ కథ నాకు తోడుండేది. ముక్కుకు వాసన తగిలినప్పుడు మనసులో వాక్యం, చేతిలో తడిగుడ్డ, రెండూ ఒకేసారి నడిచేవి. ఆయన ఉమ్మేసిన మాత్ర అరటిపండు ముక్కలో పెట్టి మళ్ళీ ఇచ్చేదాన్ని. అరవలేదని చెప్పను. అరుపులు వారానికి ఒకటికి వచ్చాయి.

తప్పు చేసేవాళ్ళ మీద కరుణ ఎందుకు అనే ప్రశ్నకు కూడా ‘విశుద్ధిమార్గం’లో ఒక పోలిక ఉంది. మరణశిక్షకు తీసుకువెళ్తున్న దొంగకు దారిపొడవునా జనం తినుబండారాలు, పూలదండలు ఇస్తారు. అతను తింటూ, దండలు వేసుకుని నడుస్తుంటే ఎవరైనా ఎంత సుఖపడుతున్నాడో అనుకుంటారా? చెడ్డపని చేస్తూ పైకి వెలిగిపోతున్నవాళ్ళను అలా చూడమంటాడు.

టిబెట్ సంప్రదాయంలో ‘తోంగ్‌లెన్’ అనే పద్ధతి ఉంది. ఇతరుల బాధను ఊపిరితో లోపలికి పీల్చుకుని, సుఖాన్ని బయటికి వదలడం. చాలా లోతైన సాధన. మొదటి ఆరునెలలు దాని జోలికి వెళ్ళవద్దని, వెళ్ళినా తెలిసినవాళ్ళ దగ్గర నేర్చుకోవాలని నా అభిప్రాయం.

ముదిత, ఉపేక్ష

ముదిత అంటే ఇతరుల సంతోషంలో సంతోషపడటం. పక్కింటి పిల్లకు మంచి కాలేజీలో సీటు వచ్చిందని వినగానే గుండెల్లో ఒక చిన్న ముల్లు కదులుతుంది చూడండి, అక్కడే చెయ్యాలి. ‘ఆ సంతోషం ఆ పిల్లకు నిలవాలి’ అని మూడుసార్లు.

ఉపేక్షను మన భాషే కొంత పాడుచేసింది. ఇప్పుడు తెలుగులో ఉపేక్షించడం అంటే పట్టించుకోకపోవడం. ధ్యానంలో ఉపేక్ష అది కాదు. ప్రతి ప్రాణీ తన కర్మకు తానే వారసుడు అని తలచుకోవడం దీని పద్ధతి. మన ఇళ్ళలోనూ ‘వాడి కర్మ’ అనే మాట ఉంది. దాన్ని చేతులు దులుపుకోవడానికి వాడతాం. ఇక్కడ అదే మాట, చెయ్యగలిగిందంతా చేశాక, ఫలితాన్ని మన పిడికిట్లోంచి వదలడానికి. నాన్న చెయ్యి తిరిగి రాదని ఫిజియోథెరపిస్టు చెప్పిన సాయంత్రం నాకు ఈ మెట్టు అవసరమైంది. వ్యాయామం మర్నాడూ చేయించాను. చెయ్యి రావాలని పట్టు మాత్రం పట్టలేదు. అది లేకపోవడంతో ఆయన ముఖం కూడా తేటపడింది. నేను రోజూ ఆయన వేళ్ళ వైపు ఆశగా చూడటం ఆయనకు ఎంత బరువైందో అప్పటిదాకా తెలియలేదు.

పీట మీంచి లేచాక

బుద్ధుడి బోధలను కూర్చిన మజ్ఝిమ నికాయంలో వేదేహిక అనే ఇల్లాలి కథ ఉంది. సావత్థి నగరంలో ఆవిడ చాలా శాంతమూర్తి అని పేరు. ఇంట్లో పనిచేసే కాళి అనే ఆమెకు అనుమానం వచ్చింది, ఈవిడలో కోపం లేదా, లేక నేను పని చక్కగా చేస్తున్నానని బయటపడటం లేదా అని. ఒకరోజు ఆలస్యంగా లేచింది. వేదేహిక ముఖం చిట్లించింది. మర్నాడు ఇంకా ఆలస్యం, తిట్టింది. మూడోరోజు తలుపు గడియ కర్ర తీసుకుని కాళి తల పగలగొట్టింది. కాళి నెత్తురు కారుతూ వీధిలోకి వచ్చి, చూడండి మీ శాంతమూర్తి చేసిన పని అని ఇరుగుపొరుగుకు చూపించింది.

మైత్రీ ధ్యానం చేసేవాళ్ళు ఈ కథ నెలకోసారి తలచుకోవాలి. మన ఇంట్లో కాళి ఎవరు? పనిమనిషి నాగా పెట్టిన రోజు మన గొంతు ఎలా ఉంటుంది? ఆమెకు టీ ఇచ్చే గ్లాసు వేరుగా, కిటికీ గట్టు మీద బోర్లించి ఉందా? మా ఇంట్లో ఉండేది. సర్వ ప్రాణులూ సుఖంగా ఉండాలని కళ్ళు మూసుకుని కోరుకుని, లేచి వెళ్ళి ఆ గ్లాసులో టీ పోశాను, ఒక రోజు కాదు, చాలా నెలలు. అది కనబడిన రోజు నాకు తలెత్తుకోవడం కష్టమైంది. ఆ గ్లాసు తీసేశాను. అందరి గ్లాసులూ ఒకే చోట ఉన్నాయి ఇప్పుడు. ధ్యానంలో గంటలు పెంచే ముందు మీ వంటింటి గట్టు ఒకసారి చూడమని బతిమాలి అడుగుతున్నాను.

మైత్రి చేతల్లో, మాటల్లో, తలపుల్లో ఉండాలని, అదీ ఎదురుగానూ చాటునా కూడా అని పాళీ సూత్రాల్లో ఉంది. చాటున అన్నది కష్టం. లేనివాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు వాళ్ళు గుమ్మంలో నిలబడి వింటున్నారనుకోండి. ఫోన్ మోగితే మొదటి రింగుకు ఎత్తకుండా ఒక ఊపిరి తీసుకుని, ‘ఈ చేసినవాళ్ళు బాగుండాలి’ అనుకుని ఎత్తండి. ట్రాఫిక్‌లో అంబులెన్స్ వినబడితే లోపలున్న మనిషికి, పక్కన కూర్చున్న మనిషికి, డ్రైవరుకు ఒక్కో వాక్యం. కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఘాటుగా జవాబు టైప్ చేసినప్పుడు, పంపే ముందు నాలుగో మెట్టు వాక్యం ఒకసారి.

అడ్డంకులు, హద్దులు

పొడిగా, యాంత్రికంగా ఉంటుంది కొన్నిసార్లు, మానకండి. ఏడుపు వస్తే రానివ్వండి, రెండు మూడు వారాల తర్వాత కూడా రోజూ అలాగే ఉంటే ఆపండి. మనసు బాగా కుంగి ఉన్నా, నిద్ర పట్టకపోయినా, చావు ఆలోచనలు వస్తున్నా ధ్యానం మందు కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. కేంద్ర ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు తీసుకోరు.

గురువు దగ్గర కూర్చోవాలనుకునేవాళ్ళకు, మౌనంగా ఉండి ధ్యానం నేర్చుకునే పది రోజుల విపశ్యన శిబిరాల్లో పదోరోజు మౌనం విడిచే పూట మైత్రి నేర్పుతారు. హైదరాబాద్ వనస్థలిపురం దగ్గర ధమ్మఖేత్త, నాగార్జునసాగర్ దగ్గర ధమ్మ నాగజ్జున కేంద్రాలు ఉన్నాయి. ఫీజు లేదు, పాత సాధకుల దానంతో నడుస్తాయి.

ఇక చనిపోయినవాళ్ళ సంగతి. ఒక యువ భిక్షువు తన గురువును తలచుకుని ఎంత మైత్రి చేసినా మనసు కుదరలేదట. పెద్ద భిక్షువును అడిగితే, నువ్వు తలచుకున్న మనిషి ఎలా ఉన్నారో చూసుకో అన్నాడు. ఆరా తీస్తే ఆ గురువు అప్పటికే కన్నుమూశాడు. ఇంకొకరిని తలచుకున్నాక ధ్యానం సాగింది. నాన్న పోయిన తర్వాత నాకూ ఇలాగే అయింది. కూర్చుంటే ఆయన ముఖమే వచ్చేది, వాక్యాలు ముందుకు సాగేవి కావు, గుండె పట్టేసేది. పోయినవాళ్ళ కోసం చెయ్యాల్సింది వేరే ఉంది. ఒక మంచి పని చేసి ఆ పుణ్యం వాళ్ళకు చెందాలని అనుకోవడం. నాన్న ఉన్న ఆస్పత్రి వార్డులో రోగుల పక్కన రాత్రంతా కూర్చునేవాళ్ళకు ప్రతి నెలా ఆయన పోయిన తిథి నాడు పెరుగన్నం పొట్లాలు తీసుకువెళ్తున్నాను. ధ్యానంలో ఆయన కూర్చున్న చోట ఇప్పుడు అమ్మను కూర్చోబెట్టాను.